ఎత్తుడు కడ్డీకి ఆయుధపూజ

1963 జూన్ నెలలో నేను బళ్ళారి వ్యవసాయ శాఖ వర్క్‌షాపులో సూపర్‌వైజరుగా చేరాను. ఫిట్టర్లకు పైన, ఇంజనీరుకు దిగువన ఉండే హోదా అది. యంత్రం నడిస్తే పేరు పైకి పోయేది, నిలిస్తే సంజాయిషీ నా దగ్గర ఆగేది. ఆ సెప్టెంబరులో నాకు అప్పగించిన పని యంత్రానికి సంబంధించినది కాదు, మనిషికి సంబంధించినది. ఎమ్మిగనూరు దగ్గరి విత్తన క్షేత్రంలో పాత తోట ట్రాక్టరు నడిపే హంపన్న ఆ ఉద్యోగానికి తగునో తగడో పరీక్షించి వ్రాసి పంపవలె.

అది పది గుర్రాల శక్తి గల చిన్న యంత్రం. చెరకు సాళ్ళ నడుమ దూరి కలుపు తీయడానికి వెనుక గొర్రు కట్టి ఉండేది. సాలు చివర మలుపు తిరిగే ప్రతిసారీ ఆ గొర్రును నేలలోనుంచి పైకి లేపాలి. అందుకు సీటు పక్కన నిలువెత్తు ఇనుప మీట. తడిసిన నల్లరేగడి గొర్రును పట్టుకున్నదంటే ఆ మీటను లాగడానికి ఆరోగ్యవంతుడి రెండు చేతులూ చాలవు. హంపన్న కుడి భుజం అంతకు ముందటి సంవత్సరం చెరకు బండి కింద నలిగింది. చెయ్యి చెవి దాకా లేచేది కాదు. అతనిని కాపలా పనికి మార్చాలని ఇంజనీరు గారు దాదాపు నిశ్చయించుకున్నారు.

హంపన్న మాత్రం నా ముందు నిలబడి ఒకే మాట అన్నాడు. “పన్నెండేండ్లు ఈ బండి మింద కూసున్నోన్ని సార్. గేటుకాడ కూసోని వచ్చేటోల్లకు పోయేటోల్లకు సలాం కొట్టమంటే నాతో అయితాదా? చెయ్యి పోయినాది గాని, పని పోలా.”

నేను నివేదిక వ్రాయలేదు. భుజబలానికి బదులు నూనె ఒత్తిడితో గొర్రును లేపే హైడ్రాలిక్ లిఫ్టును ఆ ట్రాక్టరుకు అమరుస్తానని చెప్పి గడువు కోరాను. విజయదశమి మరునాడు తానే వచ్చి చూస్తానన్నారు ఇంజనీరు గారు. దారిలో పోయేటప్పుడు గొర్రు పైననే ఉండవలె కనుక, లేపిన గొర్రు గంటసేపు జారకుండా నిలవాలని షరతు పెట్టారు. జారితే బదిలీ కాగితంపై అక్కడే సంతకం.

మూలన పడ్డ ఒక పెద్ద ట్రాక్టరు నుండి నూనె పంపు ఊడదీసి, బెల్టుతో ఇంజనుకు కలిపాము. మా పెద్ద ఫిట్టరు ఖాసిం సాబు లేతు మీద సిలిండరును చెక్కాడు. దాని నిర్మాణం సులభమే. పంపు నూనెను సిలిండరులోకి తోస్తే లోపలి ఉక్కు కడ్డీ బయటికి పొడుచుకు వచ్చి గొర్రును ఎత్తుతుంది. సిలిండరు నోటి దగ్గరి తోలు వాషరు నూనెను బయటికి పోనివ్వదు. మొదటిసారి బెల్టు జారింది. రెండవసారి పాత చట్రం వంగింది. అడ్డంగా ఇనుప పట్టీ వేశాము. మూడవసారి గొర్రు లేచింది, నిలిచింది. మహానవమికి రెండు రోజుల ముందు యంత్రాన్ని హంపన్నకు అప్పగిస్తూ, “ప్రాణమంతా ఈ కడ్డీలోనే ఉంది, జాగ్రత్త” అని చెప్పి వచ్చాను. అదే నేను చేసిన పొరపాటు.

విజయదశమి ఉదయం ఖాసిం సాబుతో కలిసి మరొకసారి సరిచూసుకుందామని వెళ్ళాను. హంపన్న గొర్రును లేపాడు. అతడు తెప్పించిన టీ తాగడం ముగిసేసరికి గొర్రు నేలకు ఆనింది. సిలిండరు నోటినుంచి నూనె కారుతున్నది. వేలితో తుడిచి చూస్తే ఎర్రని నలుసులు గరుకుగా తగిలాయి. ముందునాటి ఆయుధపూజకు హంపన్న చింతపండు, ఇటుకపొడి వేసి కడ్డీని దేవుని గంటలాగా తోమి, మూడు విభూతి రేఖలు దిద్ది, బొట్టు పెట్టాడు. కడ్డీ లోపలికి దిగినప్పుడు ఆ ఇటుకపొడి వాషరును కోసివేసింది.

“ఏంది హంపన్నా ఇది! దేవుడైతే ఏం పూసినా ఊరుకుంటాడు. వాషరు ఊరుకుంటాదా?” అన్నాడు ఖాసిం సాబు.

“సారే గదప్పా, ప్రాణం ఈడ ఉండాదని చెప్పిండేది! ప్రాణముండే తావును ఇడిసిపెట్టి టైరుకు చేయల్నా పూజ?” అన్నాడు హంపన్న.

బళ్ళారికి పోయి తోలు తెచ్చే వ్యవధి లేదు. కొంతసేపటికి హంపన్నే బావి పక్క పాకలోనుంచి, ఎద్దులతో నీరు తోడిన కాలంనాటి కపిల తోలుబాన ఒకటి ఈడ్చుకొచ్చాడు. “ఇన్నేండ్లు నీళ్ళు పట్టిండాది, ఇంత నూనె పట్టదా?” అన్నాడు. దానిలో మెత్తని భాగం చూసి ఖాసిం సాబు రెండు వాషర్లు కోశాడు. వాటిని నూనెలో నానబెట్టాము. సిలిండరు కడిగి, నూనె వడగట్టి, కడ్డీని సన్నని ఎమరీ కాగితంతో నునుపు చేసి, పొద్దుగూకే వేళకు బిగించాము.

మరునాడు ఇంజనీరు గారు కుర్చీ వేయించుకుని గడియారం చేతబట్టి కూర్చున్నారు. సిలిండరు నోటి దగ్గర కడ్డీపై సుద్దగీత గీశాము. గంట గడిచేసరికి ఆ గీత వడ్లగింజ మందం కూడా కదలలేదు. పిమ్మట హంపన్న ఎడమచేతితో నూనెను వదిలే, ఆపే చిన్న మీటను తిప్పుతూ నాలుగు సాళ్ళు దున్ని, నాలుగు మలుపులు తిరిగి వచ్చాడు. ఇంజనీరు గారు మెచ్చుకోలేదు. బదిలీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, లిఫ్టు నమూనా గీసి పంపమన్నారు.

కడ్డీకి కాన్వాసు తొడుగు కుట్టించాము. బొట్టు పెట్టడానికి పెట్రోలు ట్యాంకు మీద నేనే చోటు చూపించాను. హంపన్న రిటైరయ్యేదాకా ఆ ట్రాక్టరే నడిపాడు.

ఏది ముఖ్యమో చెప్పాను గాని, దానిని ఏమి చేయకూడదో, ఎందుకు చేయకూడదో చెప్పలేదు. హంపన్న తనకు తెలిసిన రీతిలో నా మాటను పాటించాడు. ఆ తరువాత ఏ యంత్రం అప్పగించినా, ముట్టరాని భాగాన్ని నడిపేవానికి చూపి, కారణం వివరించి, అతని నోటితో తిరిగి చెప్పించుకున్న తరువాతనే రిజిస్టరులో సంతకం తీసుకున్నాను.