ట్రైలర్ బ్రేకు, నాలుగో జాయింటు

జర్మనీలో మామూలు ట్రైలర్‌కు బ్రేకు వేరే వేయనక్కర్లేదు. ముందు బండి ఆగితే వెనకది తోసుకొస్తుంది, ఆ తోపుకే కొక్కెం దగ్గరి కడ్డీ లోపలికి జరిగి బ్రేకులు పడతాయి. ఇంత సుఖమైన పద్ధతి ఉంది కాబట్టే మా ప్రొఫెసరమ్మ దాన్ని వదిలేసి, అమెరికాలో ఎవరో వదిలించుకుంటున్న ట్రైలర్‌ను ఓడ మీద తెప్పించింది. లోపల గాలిలో దుమ్ము కొలిచే యంత్రాలు. బరువు రెండు టన్నులు. బ్రేకులు కరెంటువి. ముందు బండి డ్రైవరు బ్రేకు తొక్కగానే, డాష్‌బోర్డు కింద బిగించిన ఒక చిన్న డబ్బా బండి ఎంత జోరుగా నెమ్మదిస్తోందో పసిగట్టి, ఆ మేరకు వెనక చక్రాలకు కరెంటు పంపాలి. ఆ డబ్బాను బ్రేక్ కంట్రోలర్ అంటారు. దాన్ని బిగించే పని నాకు పడింది.

నాకే ఎందుకంటే, అప్పుడు రెండో లాక్‌డౌన్ శీతాకాలం. మా యూనివర్సిటీ గార్చింగ్ క్యాంపస్‌లో వర్క్‌షాపులోకి ఒకసారికి ఇద్దరినే రానిచ్చేవారు. వర్క్‌షాపు చూసుకునే పెద్దాయన్ని అందరూ మైస్టర్ అంటారు. ఆయనకు అరవై దాటాయి, ఊపిరితిత్తులు అంతంత మాత్రం, ఇల్లు కదలొద్దని డాక్టరు చెప్పాడు. ఇక మిగిలింది అన్నా నేనూ. అన్న అంటే సొంత అన్న కాదు. హనుమకొండ మనిషి, అదే ల్యాబులో పీహెచ్‌డీ నాలుగో ఏడు. నాది తెనాలి, మాస్టర్స్ చివరి సెమిస్టర్. వారానికి పది గంటలు ల్యాబులో చాకిరీ చేసే స్టూడెంట్‌ని. బీటెక్ ఎలక్ట్రికల్ అని నా సీవీలో ఉంది. దాన్ని చదివి నమ్మిన మొదటి మనిషి ప్రొఫెసరమ్మ.

ఆ ట్రైలర్‌ను రోడ్డెక్కించడానికి అనుమతి లేదు. లారీ మీద తీసుకెళ్లి, ఊరవతల మూతపడిన ఒక కంకర క్వారీలో దింపారు. అక్కడి నుంచి దాన్ని మా వ్యాన్‌తో లాగి, దుమ్ము కొలతల కోసం పల్లపు దారిలో గుంత అడుగుకు చేర్చాలి. అడుగున చెరువంత నీళ్లు. క్వారీ వాళ్లు ఇచ్చింది ఒక్క వారం. నడిపేది అన్న. ఆయనకు ట్రైలర్ లైసెన్సు ఉంది, రెండోసారికి పాసయ్యాడు. వదినకు ఏడో నెల. అందుకే అన్న వైరస్ పేరెత్తితే చాలు వణికిపోయేవాడు. స్పానర్లకు కూడా శానిటైజర్ కొట్టేవాడు. యూబాన్ మెట్రోలో ఎవరైనా దగ్గితే మధ్యలోనే దిగిపోయి తర్వాతి బండికి వచ్చేవాడు. రెండు టన్నుల ఇనుము వెనకాల దొర్లుకుంటూ వస్తుందన్న సంగతి మాత్రం ఆయన్ని ఏమీ చేసినట్టు లేదు. ఆ భయం పడే డ్యూటీ కూడా నాకే వచ్చింది.

డబ్బాకు నాలుగు వైర్లు. ఒకటి బ్యాటరీకి, ఒకటి ఎర్త్‌కి, ఒకటి బ్రేకు లైటు స్విచ్‌కి. నాలుగోది నీలం. ట్రైలర్‌కు కరెంటు మోసుకెళ్లేది అదే. మైస్టర్ వీడియో కాల్‌లో ఒకే ఒక్క షరతు పెట్టాడు. వైర్లు చేత్తో మెలిపెట్టకూడదు, ప్రతి జాయింటుకూ కనెక్టర్ తొడిగి పనిముట్టుతో నొక్కాలి, నొక్కిన ప్రతిదానికీ ఫోటో పంపాలి. మూడు జాయింట్లు పుస్తకంలో బొమ్మల్లా వచ్చాయి. నాలుగో కనెక్టర్‌ను నేను వంకరగా నొక్కి చిదిమేశాను. ఆ సైజులో అదే ఆఖరిది. ఇలాంటివి అమ్మే హార్డ్‌వేర్ దుకాణాలు, బౌమార్క్ట్‌లు, మామూలు జనానికి మూసేశారు. ఆన్‌లైన్‌లో పెడితే వారం.

ఇరవై నిమిషాలకోసారి తలుపులన్నీ తెరిచి గాలి ఆడనివ్వాలని వర్క్‌షాపు రూలు. అన్న ఆ టైముకు బయటికెళ్లి, గాలి మారే దాకా ఠంచనుగా అక్కడే నిలబడేవాడు. ఆయన అలా బయట ఉన్నప్పుడు నేను మాస్కు కిందికి లాగి, వైరును పళ్లతో ఒలిచి, రెండు కొసలూ మెలిపెట్టి, పైన టేపు చుట్టేశాను. మా వీధిలో వినాయక చవితి పందిరికి సీరియల్ లైట్లన్నీ ఇలాగే కలిపేవాళ్లం. ఎవరికీ ఏమీ కాలేదు. ఒకసారి పందిరి అంటుకుంది గానీ, దానికి కారణం వేరే అని మేమందరం కూర్చుని తీర్మానించాం.

ఫోటో సంగతికొస్తే, మూడో జాయింటునే ఇంకో పక్క నుంచి తీసి నాలుగోదని పంపాను. మైస్టర్ బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాడు. ఆ రాత్రి దాన్ని నాలుగుసార్లు తెరిచి చూశాను.

మర్నాడు పొద్దున క్వారీలో ట్రైలర్ తగిలించి ప్లగ్గు పెట్టగానే, ట్రైలర్‌కు లైను కలిసినట్టు డబ్బా మీద పచ్చ లైటు వెలిగింది. అన్న చాలా సంతోషించాడు. నేను వెనక సీట్లో, ఆయనకు ఐమూలగా, కిటికీ తెరుచుకుని కూర్చున్నాను. అది కూడా రూలే. చదును నేల మీద ముప్పై స్పీడులో వెళ్తూ, డబ్బాకున్న చిన్న మీటను చేత్తో జరిపితే ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడాలి. మొదటిసారి ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు చిన్నగా లాగింది.

"పట్టింది తమ్మీ. ఇంకింత పెంచు," అన్నాడు అన్న.

ముందు సీట్ల మధ్యలోంచి వంగి డబ్బా మీద కరెంటు ఒక మెట్టు పెంచాను. ఈసారి చక్రాలు బిగుసుకుపోయి కంకరలో రెండు చాళ్లు గీశాయి. కొంచెం తగ్గించాం. అదీ పద్ధతి, చక్రం బిగుసుకునే అంచు దాకా వెళ్లి ఒక మెట్టు వెనక్కి రావాలి. అంతా పుస్తకంలో రాసినట్టే జరుగుతోంది, నాకు మాత్రం చెమట పోస్తోంది. బయట మంచు.

వెనక్కి తిరిగొస్తుంటే బండి ఒక గతుకులో పడింది. పచ్చ లైటు ఒక్కసారి ఆరి వెలిగింది. అన్న దారి చూస్తున్నాడు, గమనించలేదు. నేను మాస్కు ముక్కు కిందికి లాగి వాసన చూశాను. ప్లాస్టిక్ వేడెక్కిన వాసన.

"మాస్కు మీదికనుకో," అన్నాడు అద్దంలో చూసి.

అనుకున్నాను. వాసన ఆగిపోయింది, అందులో తప్ప ఇంక దేనిలోనూ తేడా రాలేదు. చదును మీద ఆ జాయింటు ఎలాగో నెట్టుకొచ్చింది. పల్లంలో బ్రేకు ఎక్కువసేపు తొక్కాలి, కరెంటు ఎక్కువసేపు పారాలి. ఇదంతా బీటెక్ రెండో ఏడులో చదివాను. ఆ పేపరు పోయింది గానీ విషయం గుర్తుంది.

పల్లం అంచున అన్న బండి ఆపాడు. కింద నీళ్లు నల్లగా కనబడుతున్నాయి.

"అన్నా, ఆ నీలం వైరుకు కనెక్టర్ లేదు. చేత్తో చుట్టి టేపేశాను."

అన్న నవ్వాడు. "ఇగ షురూ చేసినవా. పొద్దుగాల ట్రైలర్‌కు వీసా లేదన్నవ్. ఇప్పుడు బ్రేకే లేదంటున్నవ్."

"నిజం అన్నా."

"మొన్న గూడ నిజమనే చెప్పినవ్, ప్రొఫెసరమ్మకు పాజిటివ్ అని. గంటసేపు చేతులు కడుక్కున్న నేను."

"అది వేరు. ఇది..."

"మజాకులు కిందికి పోయినంక చేద్దాం తమ్మీ."

ఆయన చెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద పడింది. నా మొహంలో సగం గుడ్డ, మిగతా సగం ఏడాదిగా అబద్ధాలు చెప్పి చెప్పి నమ్మకం పోగొట్టుకున్న కళ్లు. ఇక మాటల్లో పెట్టి లాభం లేదనిపించింది. తలుపు తీసుకుని దిగి వెనక్కి పరిగెత్తాను. వ్యాన్ నుంచి ట్రైలర్ ఊడిపోతే దానంతట అది ఆగడానికి ఒక ఏర్పాటు ఉంటుంది. వ్యాన్‌కు కట్టిన తీగ సాగి ట్రైలర్‌లోని ఒక పిన్నును ఊడబెరుకుతుంది, వెంటనే ట్రైలర్ సొంత బ్యాటరీతో చక్రాలు బిగుసుకుంటాయి. ఆ పిన్నును నేను చేత్తో పీకేశాను.

ఇదీ మజాకే అనుకున్నట్టున్నాడు, అన్న గేరు వేశాడు. ఇంజన్ మూలిగింది. బండి కదల్లేదు. దిగి వచ్చాడు.

"ఏం చేసినవ్?"

"దాని బ్రేకులు బిగించాను. చెప్తే వినట్లేదు కదా."

నా చేతిలో పిన్ను చూశాడు. నా కళ్లు చూశాడు. వ్యాన్‌లోకి వెళ్లి, వీపు మీద పడుకుని, ఫోన్ లైటు వేసుకుని డాష్‌బోర్డు కిందికి దూరాడు. బయట కాళ్లు మాత్రమే ఉన్నాయి. ఆ కాళ్లు కాసేపు కదిలి, ఆగిపోయాయి.

"గిదా," అన్నాడు లోపలి నుంచి.

టేపు పట్టుకుని చిన్నగా లాగినందుకే జాయింటు విడిపోయి ఆయన చేతిలోకి వచ్చింది. కొసలు నల్లబడి ఉన్నాయి. ఆయన తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది. మైస్టర్‌కు వీడియో కాల్ కలిపి, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పు."

నా జర్మన్ బేకరీలో బన్నులు కొనడానికి సరిపోతుంది. నేరం ఒప్పుకోవడానికి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఫోటో సంగతి కూడా చెప్పాను. మైస్టర్ అంతా విని ఒకే ప్రశ్న అడిగాడు. "బండి ఎవరు నడుపుతున్నారు? ఆయనకు తెలుసా?"

"ఇప్పుడు తెలుసు," అన్నాను.

నెట్ ఆగిపోయిందనుకున్నాను గానీ, ఆయన వెనకాల పిల్లి నడుస్తూనే ఉంది. చివరికి, "మా గేటుకు సంచి తగిలిస్తాను, వచ్చి తీసుకోండి," అన్నాడు.

ట్రైలర్ చక్రాల కింద రాళ్లు పెట్టి, దాన్ని అక్కడే వదిలి వ్యాన్‌లో వెళ్లాం. మైస్టర్ కిటికీ అద్దం వెనక నిలబడి మమ్మల్ని చూశాడు, చెయ్యి ఊపలేదు. సంచిలో కనెక్టర్లు పన్నెండు ఉన్నాయి. కావలసింది ఒకటి. నా పనితనం మీద ఆయన అంచనా అది.

క్వారీకి తిరిగొచ్చి, ఈసారి అన్న చూస్తుండగా నొక్కాను. రెండోదానికి కుదిరింది. అన్న దాన్ని రెండు చేతులా పట్టుకుని బలంకొద్దీ గుంజాడు, ఊడలేదు. మిగతా మూడూ అలాగే గుంజి చూశాడు. అవి బాగున్నాయని నేను చెప్పలేదు, చెప్పే హక్కు పోయింది కాబట్టి. తర్వాత పిన్ను తిరిగి పెట్టాం. చదును మీద నాలుగుసార్లు తిప్పాం. గతుకులో కావాలనే పోనిచ్చాడు. లైటు ఆరలేదు.

పల్లం అంచుకు వచ్చాక నేను వెనక తలుపు తీయబోయాను.

"ముందట కూసో."

"రూలు..."

"కూసో."

కూర్చున్నాను. మూడు నెలలుగా రెండు మీటర్లు తగ్గనివ్వని మనిషి నన్ను మోచెయ్యి తగిలేంత దగ్గర కూర్చోబెట్టుకుని, హ్యాండ్‌బ్రేకు వదిలాడు. బండి ముందుకు వాలింది. వెనక బరువు తెలిసింది. అన్న బ్రేకు తొక్కాడు. డబ్బా మీద కరెంటు చూపే అంకె రెండు, మూడు, నాలుగు దాకా పెరిగింది. వెనక నుంచి సన్నటి గుంయ్ మోత. సగం దారిలో పూర్తిగా ఆపాడు. ఆగింది. మేం ఆగాక వెనకది మమ్మల్ని తోస్తుందేమోనని నేను సీటు అంచులు పట్టుకుని ఎదురుచూశాను. తోయలేదు. మళ్లీ వదిలాడు, మళ్లీ ఆపాడు. అలా అంగుళం అంగుళం నీళ్ల ఒడ్డుకు చేరాం.

ఇంజన్ ఆపాక కూడా ఆయన చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. కాసేపటికి ఫోన్ తీసి ఇంటికి చేశాడు.

"ఆ, అయిపోయింది. ఏంలేదు, మామూలే. నువ్వు తినెయ్, నాకు లేటైతది."

ఫోన్ జేబులో పెట్టుకుని, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఇప్పుడు గూడ జోకేయాలనిపిస్తే, బండి దిగి ఏస్కో."

దిగాను. ట్రైలర్ పక్కన చాలాసేపు నిలబడ్డాను. ఒక్కటీ రాలేదు.