గాలి అద్దెకిచ్చిన దుకాణం

పది గంటలకు బావి దగ్గరికి వస్తానన్న జీపు పది గంటల యాభై నిమిషాలకు వచ్చింది. వరంగల్‌లోని దుకాణం నుంచి మా అక్క వాళ్ల బావి దాకా మీటరు లెక్కన యాభై ఒక్క కిలోమీటర్లు. తొర్రూరు ఇంకా ఆరు కిలోమీటర్ల దూరం ఉంటుంది. బావి అడ్డుకొలత ఇరవై ఆరు అడుగులు. గట్టు నుంచి నీటి దాకా పంతొమ్మిది, నీటి నుంచి అడుగు దాకా ముప్పై మూడు. ఆ ముప్పై మూడు అడుగుల కింద ఐదు హార్స్‌పవర్ మోటరు, దానికి బిగించిన పంపుతో సహా, ఆరు రోజులుగా పడి ఉంది. పైన మూడెకరాల వరి పొట్ట మీద ఉంది. మడి నెర్రెలు విచ్చి మూడు రోజులు. మరో వారంలో నీళ్లు పారకపోతే గింజ పాలు పోసుకోదు, తాలు తప్ప ఏమీ మిగలదు. 1981 వేసవి అది.

బావి లోపలి అరుగు మీద రెండు తుమ్మ దూలాలు పరిచి మోటరును నిలబెట్టారు. ఒక దూలం పుచ్చిందని అందరికీ తెలుసు. అది విరుగుతుందని మాత్రం ఎవరూ అనుకోలేదు. పడిన మోటరు గోడ కింది గుంతలోకి జారింది. ఊళ్లో ఈతగాళ్లు రాయి పట్టుకుని దిగి, నిమిషం సేపు తడిమి, ఉత్త చేతులతో పైకి వచ్చారు. గుంతలో నుంచి లాగి తాడు కట్టాలంటే నీటి అడుగున పది నిమిషాలైనా ఊపిరి పీల్చుకుంటూ పని చేయగల మనిషి కావాలి.

నేను అప్పట్లో వరంగల్‌లో ఒక కళాశాల ప్రయోగశాలలో పంపులు, పైపులు, పీడనాల గురించి విద్యార్థులకు నేర్పేవాణ్ణి. కనుక ఆ మనిషిని వెదికే బాధ్యత నా మీద పడింది.

"బామ్మర్దీ, నువ్వు సదివింది నీళ్ల సంగతే కద," అన్నాడు బావ. "ఇగ ఇప్పుడన్న అక్కరకు రా."

దుకాణం నాకు తెలుసు. దాని బోర్డు అలాంటిది. నీలం రంగు సముద్రం, అందులో నోరు తెరిచిన సొరచేప, పైన 'సమస్త జలాంతర్గత కార్యములు చేయబడును' అన్న అక్షరాలు. వరంగల్‌కు సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మా జిల్లా బావులలో నేనెరిగినంత వరకు కప్పలు, నీటిపాములు, చేజారిన ఇత్తడి బిందెలు తప్ప వేరే జలచరాలు లేవు. లోపల అద్దాల బీరువాలో రెండు రబ్బరు ముసుగులు, బాతుకాళ్ల వంటి ఒక జత చెప్పులు, పసుపు రంగు సిలిండర్. యజమాని నాలుగేళ్లు విశాఖపట్నం రేవులో పని చేశానని చెప్పుకునేవాడు. ఏ పని అన్నది నేను అడగలేదు. సామాను లెక్క రాసే గుమాస్తా పని అని తరువాత తెలిసింది. దుకాణానికి నిలకడైన రాబడి నీటి నుంచి కాక పక్కనున్న ఫోటో స్టూడియో నుంచి వచ్చేది. ముసుగు, చెప్పులు తొడుక్కుని ఫోటో దిగాలనుకునే కాలేజీ కుర్రాళ్లకు వాటిని గంటల లెక్కన అద్దెకిచ్చేవాడు.

"సిలిండర్ నిండి ఉందా?" అని అడిగాను.

"నింపిద్దాం సార్. వెల్డింగ్ దుకాణమాయన మనోడే. ఆక్సిజన్ కొడ్తడు."

"దాంట్లో మామూలు గాలి నింపాలి. ఆక్సిజన్ కాదు."

"గాలి కంటె ఆక్సిజన్ మంచిదే కద సార్? దవాఖానల గూడ గదే పెడ్తరు."

ముప్పై మూడు అడుగుల లోతున పీడనం గట్టు మీదిదానికి రెట్టింపు అవుతుందనీ, ఆ పీడనంలో ఉత్త ఆక్సిజన్ పీలిస్తే మనిషికి మూర్ఛ రావచ్చుననీ వివరించాను. అతను పురాణం వింటున్నంత వినయంగా విన్నాడు. "పెద్ద సదువులు సార్ మీయి," అని సిలిండర్‌ను బట్టతో తుడిచి మళ్లీ బీరువాలో పెట్టాడు. దుమ్ము తుడిపించుకోవడం తప్ప ఆ వస్తువుకు ఆ దుకాణంలో వేరే పని లేదని నేను అప్పుడే గ్రహించి, మెట్లు దిగి రావలసింది. అయితే వేరే దుకాణం నాకు తెలియదు, వరి ఆగదు.

అతని దగ్గర ఇంకొక ఏర్పాటు ఉంది. టైర్లకు గాలి కొట్టే కంప్రెసర్, దాన్ని తిప్పే చిన్న డీజిల్ ఇంజన్, ఎనభై అడుగుల రబ్బరు గొట్టం, గొట్టం చివర ముసుగు. గట్టు మీద యంత్రం గాలి పీల్చి కిందికి పంపుతుంది, కింద మనిషి పీలుస్తాడు. నేను దాన్ని ఇరవై నిమిషాలు నడిపించి చూశాను. గాలి చాలినంత వస్తున్నదని లెక్క కట్టాను. ఇంజన్ పొగగొట్టాన్ని కంప్రెసర్ గాలి పీల్చే మూతికి ఎదురుదిక్కుకు తిప్పించాను. ఇక పొగ లోపలికి వెళ్లే దారి లేదని నిశ్చయించుకుని, నా జాగ్రత్తకు నన్ను నేనే మెచ్చుకున్నాను. సాంకేతిక విద్య నేర్చినవాడు అంతకంటె ప్రమాదకరమైన స్థితిలో ఉండడు.

బావి దగ్గర ఊరు సగం చేరింది. నీటిలోకి దిగవలసిన మనిషికి ముప్పై ఏళ్లుంటాయి. బావులు తవ్వే పనివాడు, ఆ దుకాణంలో రోజు కూలికి చేరాడు. అతను ఆగకుండా ముక్కు ఎగపీలుస్తున్నాడు.

"జలుబా?" అని అతన్ని అడిగాను.

"దుమ్ము సార్," అన్నాడు యజమాని. "తొవ్వ పొంటి ఒకటే దుమ్ము."

ముక్కు ఒకరిది, జవాబు మరొకరిది.

అది బుధవారం. పన్నెండు గంటలకు రాహుకాలం మొదలవుతుంది. జీపు యాభై నిమిషాలు ఆలస్యం కావడంతో, యంత్రం దించి బిగించేసరికి పదకొండు గంటల యాభై నిమిషాలైంది. మా వైపు కొబ్బరికాయ కొట్టి ఊదు వేయకుండా మనిషిని బావిలోకి దింపరు. రాహుకాలం వచ్చాక అసలే దింపరు. మిగిలిన పది నిమిషాలలో రెండూ సాగాలంటే ఒకటే ఉపాయం. మనిషిని కిందికి పంపి, పూజను పైన కొనసాగించడం. యజమానికి ఆ ఉపాయం చాలా నచ్చింది. పదకొండు యాభై నాలుగుకు అతని మనిషి నీటిలో మునిగాడు.

అక్క అత్తగారు నిప్పుల మూకుడులో ఊదు వేసి బావి చుట్టూ తిప్పింది. నేను అవతలి గట్టున, నీటిలోని మనిషి నడుముకు కట్టిన తాడు పట్టుకున్నవాళ్లకు సంజ్ఞలు చెబుతున్నాను.

"అవ్వా, మా మిషిన్‌కు గూడ పట్టు," అన్నాడు యజమాని. "ఊపిరిచ్చే తల్లి అదే కద."

"అవును బిడ్డా, మరిచేపోతి," అని ఆమె మూకుడును కంప్రెసర్ ముందు పట్టింది. అతను మర్యాదగా అందుకుని, సరిగ్గా గాలి పీల్చే మూతి కింద పెట్టి, ఇంకో గుప్పెడు ఊదు వేశాడు. పైకి లేవవలసిన పొగ మెడ వంచి యంత్రంలోకి దూరింది.

"సూడుండ్రి, సూడుండ్రి! మిషిన్ పొగ గుంజుకుంటాంది!" అని ఎవరో అరిచారు.

"తల్లి ఒప్పుకున్నది," అని మరొకరు చేతులు జోడించారు. యజమాని కూడా జోడించాడు.

వంగుతున్న పొగను చూడగానే నాకు అంతా అర్థమైంది. గట్టు వెంబడి సగం చుట్టు నలభై ఒక్క అడుగులు. పరుగెత్తితే ఆరు సెకండ్ల దూరం. కాని ఆడపిల్లనిచ్చిన ఇంట్లో, పిల్ల అత్తగారు చేస్తున్న పూజను పిల్ల తమ్ముడు ఊరందరి ఎదుట ఆపడమంటే చిన్న విషయం కాదు. ఏ మాటతో మొదలుపెట్టాలా అని ఆలోచించాను. నా అంచనాలో పదిహేను సెకండ్లు ఆ మర్యాదకు పోయాయి. ఆ తరువాత పరుగెత్తి మూకుడును కాలితో తన్నాను.

అప్పటికే తాడు విలవిలలాడుతోంది. లాగేలోగా అతను ముసుగు ఊడబెరుక్కుని తనంతట తానే పైకి తేలాడు. గట్టు మీద పడుకోబెడితే దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఎడమ చెవి నుంచి సన్నగా నెత్తురు కారి మెడ మీదికి దిగింది.

"గింత పొగకే గిట్లయితే ఎట్లరా?" అన్నాడు యజమాని. "జర ఊపిరి బిగవట్టద్దా?"

అతను యజమాని వైపు చూడలేదు, నా వైపు చూశాడు. "నీళ్లల్ల ఎవలో పొయ్యి అంటువెట్టినట్టయింది సార్. జలుబు నాలుగొద్దుల సంది ఉన్నది. దిగేటప్పుడే చెవి పోటు వెట్టింది. చెప్తే ఇయ్యాల కూలి పోతదని చెప్పలే."

వరంగల్ దవాఖానలో, చెవి లోపలి పొర పగిలిందని చెప్పారు. ఊళ్లో మాత్రం తల్లి అలిగిందని నిర్ణయమైంది. అక్క అత్తగారు రెండు రోజులు అన్నం తినలేదు. పొగ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

రెండవ దుకాణం మడికొండ దారిలో ఉందని పైపులు అమ్మే ఒకాయన చెప్పాడు. దానికి బోర్డు లేదు, అద్దాల బీరువా లేదు. పంపులు బాగు చేసే కొట్టం. అరవై ఏళ్ల పెద్దాయన వాల్వుకు తోలు కత్తిరిస్తున్నాడు. సంగతి చెప్పగానే అతను సామాను చూపలేదు, ప్రశ్నలు మొదలుపెట్టాడు. నీళ్లెంత, బురదెంత, గోడ రాయిదా మట్టిదా, లోపల కరెంటు తీగలున్నాయా. తరువాత, "పూజ ఎప్పుడు వెట్టుకున్నరు?" అని అడిగాడు.

నేను తెల్లబోయాను.

"ముందటి రోజు మాపటికే కానియ్యుండ్రి," అన్నాడు. "మేం వచ్చేటాళ్లకు బొగ్గు సల్లారాలె. అగ్గిపుల్ల గూడ గీయనియ్య. బీడీ తాగేటోళ్లను అటు కట్ట అవతలికి పంపియ్యాలె."

"రేపు వస్తారా పెద్దయ్యా?"

"రాం. దిగేటోడు నా కొడుకు. వానికి పడిశం వట్టింది. నాలుగు రోజులు ఆగాలె."

"నాలుగు రోజులైతే పంట ఎండిపోతుంది."

"నీ పంటకు తొందరున్నది సారూ. వాని ముక్కుకు లేదు."

ఎంత బతిమిలాడినా అతను తోలు నుంచి తల ఎత్తలేదు. అతను నన్ను అడిగిన ప్రశ్నలు పదకొండు, ఇచ్చిన హామీలు సున్నా. మొదటి దుకాణంలో బావి గురించి నన్నెవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. హామీలు నేను లెక్కపెట్టలేదు.

నాలుగో రోజు కాదు, ఐదో రోజు వచ్చారు. పెద్దాయన కొడుకు చేత ముక్కు మూయించి, చెవుల్లోకి గాలి ఊదించి, రెండు వైపులా 'టక్' మన్నదని చెప్పాకే దింపాడు. అంతకుముందు గొట్టం చివర తన నోట్లో పెట్టుకుని పది నిమిషాలు గట్టు మీద కూర్చున్నాడు. కంప్రెసర్ మూతికి పన్నెండడుగుల పైపు బిగించి గాలి వచ్చే దిక్కుకు ఎత్తి కట్టాడు. చూడడానికి వచ్చినవాళ్లకు ఏమీ తోచక సగం మంది వెళ్లిపోయారు. ఇరవై రెండు నిమిషాలలో మోటరు పైకి వచ్చింది. దాని లోపల నానిపోయిన తీగచుట్టలు మార్చి మళ్లీ బిగించేసరికి ఇంకో మూడు రోజులు.

ఖర్చులు, నష్టాలు ఇవి. మొదటి దుకాణానికి, జీపుతో కలిపి, నూట ఎనభై రూపాయలు. మోటరు రాలేదు, డబ్బు తిరిగి రాలేదు. రెండవ దుకాణానికి డెబ్బై ఐదు. మోటరు తీగకు రెండు వందల నలభై. మూడెకరాలలో రెండెకరాల పది గుంటలు తాలుపోయి పశువులకు వేశారు. మిగిలిన ముప్పై గుంటలలో తొమ్మిది బస్తాల వడ్లు వచ్చాయి. బావులు తవ్వే మనిషి ఎడమ చెవి వినికిడి పోయింది; దానికి దుకాణం ఇచ్చింది ఏమీ లేదు, మేము ఇచ్చింది బస్సు చార్జీ.