రోజా అక్క వేసిన కేక

రోజా అక్క కార్వెల్‌ని కంటితో చూడలేదు. ఆమెకి పాస్‌పోర్టే లేదు. అయినా ఆ ఊళ్ళో ఏ వీధి ఎటు తిరుగుతుందో, ఏ ముసలాయన ఏ పూట మందుల షాపుకి వెళ్తాడో ఆమెని అడగాల్సిందే. కార్వెల్ అమెరికాలో ఒక చిన్న పట్నం. అక్కడి వాళ్ళు టాక్సీ కోసం ఫోన్ చేస్తే మోగేది పలాస పక్కన కాశీబుగ్గలో, సెల్‌ఫోన్ల షాపు మీదున్న మా ఆఫీసులో. డిగ్రీ మధ్యలో ఎగ్గొట్టిన నాది ఆమె పక్క కుర్చీ.

"ఊరేటక్కా అది, అలికిడే నేదు?" అని అడిగాను చేరిన కొత్తలో.

"ఊరు కాదురా, పాస్టరుగారు వాక్యం సెప్తన్నప్పటి సర్చి. అందరూ ఉంటారు, దగ్గడానికే సిగ్గు."

నిజమే. అక్కడ హారన్ కొడితే బూతు తిట్టినట్టట. నాలుగు రోడ్ల దగ్గర నాలుగు కార్లూ ఆగి, మీరు వెళ్ళండంటే మీరు వెళ్ళండని చేతులు ఊపుకుంటాయట. మన బస్టాండు దగ్గర అలా ఆగి చూడండి, మీ మీంచి ఆటో పోతుంది.

మొన్న జనవరిలో ఒక సాయంత్రం, వాళ్ళకి పొద్దున్న, హెలెన్ గారి ఫోన్ వచ్చింది. ఒంటరి పెద్దావిడ. డయాలసిస్‌కి మా టాక్సీలోనే వెళ్తుంది. మంచు వల్ల కిందటిసారి వెళ్ళడం తప్పిపోయింది. ఇవాళా మా డ్రైవరు ఆ వీధి ఎత్తు ఎక్కలేక కారుతో సహా వెనక్కి జారాడు. అంబులెన్సులన్నీ హైవే మీది ప్రమాదాలకి పోయాయి.

వరసగా రెండుసార్లు తప్పితే ఏమవుతుందో, ఇంటికో కిడ్నీ రోగి ఉన్న మా ఉద్దానంలో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు. రోజా అక్క నాన్న ఎబినేజరు గారు పలాసలో అదే మెషీన్ మీద బతుకుతున్నాడు.

"పక్కింట్లో ఎవరున్నారు మేడమ్?" నాకూ వినబడేలా స్పీకర్ పెట్టి అడిగింది అక్క.

"ఒకాయన. పెద్ద ట్రక్కుంది, ముందు మంచు తోసే రేకు కూడా ఉంది."

"పిలవండి మరి!"

"పేరు తెలీదు రోజ్. తొమ్మిదేళ్ళుగా చెయ్యి ఊపుకుంటాం, అంతే. వెళ్దామంటే మెట్లు జారుతున్నాయి. ఇక్కణ్ణుంచి అరిస్తే ఏమనుకుంటారో."

అక్క ఫోన్ మ్యూట్ చేసి నా వైపు తిరిగింది. "సూడ్రా! పేణం మీదికొత్తంటే ఏటనుకుంతారో అంట!"

మ్యూట్ తీసింది. "మేడమ్, ఫోన్ స్పీకర్లో పెట్టండి. సౌండ్ మొత్తం పెంచి తలుపు తియ్యండి. నేనరుస్తాను."

లేచి నిలబడింది. ఆమెది సముద్రపు ఒడ్డు ఊరు. నీళ్ళమీది తెప్పని ఒడ్డునుంచి పిలిచే గొంతు అది. "హెల్ప్! నైబర్! ప్లీజ్ కమ్!" అని మొదలెట్టింది. నాలుగో కేకకి ఇంగ్లీషు అయిపోయింది. "ఓ బావూ! ట్రక్కు బావూ! ఓపాలి బయటికి రా బావూ!"

మేనేజరు గోవిందరావు గారు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. "ఏటైందమ్మా? ఎవలు పోయారు?"

"ఎవలూ పోనేదు సార్, ఉండండి!"

ఫోన్లో ఒక తలుపు చప్పుడు. ఇంకోటి. కుక్క మొరిగింది. "మూడిళ్ళ వాళ్ళు బయటికొచ్చారు!" అని హెలెన్ గారు చిన్నపిల్లలా అరిచింది. "ఆయనా వచ్చాడు! కాళ్ళకి మేజోళ్ళే ఉన్నాయి, చేతిలో పారుంది!"

మేం ఎగిరి గంతేశాం. నా కుర్చీ పడిపోయింది.

కాసేపటికి ఆవిడ గొంతు గుసగుసగా వచ్చింది. "ట్రక్కులో కూర్చున్నాను. ఆయన అద్దం మీద మంచు గీకుతున్నాడు. ఇప్పుడొచ్చి నా పక్కన కూర్చుంటాడు. నేనేం మాట్లాడాలి రోజ్?"

అక్క ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "రాత్రి ఏం కూర వండుకున్నారో అడగండి మేడమ్."

ట్రక్కు తలుపు పడింది. హెలెన్ గారు అడగనే అడిగింది. ఇంజను మోతలో ఆయన జవాబు మాకు వినబడలేదు గానీ, ఆవిడ "నిజంగానా? మీరే వండారా?" అనడం మాత్రం వినబడింది.