ఎడమచేతి ముడి

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. బొగ్గుబాయి పక్కన కాపురం చేసేవాళ్ళకు భయపడటానికి అంతకన్నా పెద్దవే ఉంటాయి. ఇది కూడా దయ్యం పనేనని నేను అనడం లేదు. ఏమనాలో తెలియకనే రాస్తున్నాను.

అరవయ్యో దశకం చివరి మాట. గోదావరిఖని చుట్టూ ఇంకా అడవే. నా భర్త రాజయ్య ఒక కాంట్రాక్టరు దగ్గర బొగ్గెత్తే కూలి. పని లేని రోజు కౌజు పిట్టలకు ఉచ్చులు పెట్టేవాడు. ఎద్దు తోక వెంట్రుకలతో పేనిన ఉచ్చులు. వాటి ముడి మా అత్తింట్లో మగవాళ్ళకే నేర్పుతారు. ఆడవాళ్ళం గడ్డలు తవ్వాలి, ఆకుకూర ఏరాలి. ఉచ్చు ముట్టకూడదు. రాజయ్యది ఎడమచేతి వాటం. అతని ముడి మెలిక అందరికీ ఎదురు తిరిగి ఉండేది.

ఆ ఎండాకాలం బొగ్గు నింపే ఇనప టబ్బు కింద అతని ఎడమ చెయ్యి నలిగింది. దవాఖానలో పడ్డాడు. కూలి ఆగింది. ఇప్పపువ్వు, తునికి పండ్లతో కొన్నాళ్ళు గడిచింది. తర్వాత నా పాలు ఎండిపోయాయి. చంటిది ఏడవడం కూడా మానేసింది. అప్పుడు ఉచ్చులు తీశాను.

"ఏందే, మొగోని పనిల చెయ్యి పెడుతున్నవ్?" అంది అత్త.

"మరి నువ్వు పోతవా అత్తా?"

ఆమెకు చూపు సరిగా ఆనదు. "పో మరి. కట్టెల మోపు ముడేసి రాకు, పిట్టలు నవ్వుతయ్."

నాకు వచ్చింది ఆ ముడి ఒక్కటే. అది బిగుసుకుంటుంది గాని జారదు. మర్నాడు చూస్తే పిట్టలు తప్పించుకుపోయి ఈకలే మిగిలాయి. మళ్ళీ అదే ముడి వేసి వచ్చాను.

ఆ తర్వాతి పొద్దున రెండు పిట్టలు పడి ఉన్నాయి. ముడులన్నీ మారాయి. మెలిక ఎదురు తిరిగి ఉంది. ఎవరైనా వచ్చి వేశారనుకుందామంటే, దొరికిన పిట్టను వదిలేసి పోయేంత కడుపు నిండినవాళ్ళు మా వాడలో లేరు.

పిట్టల పులుసు పట్టుకొని దవాఖానకు పోయాను. నేను మూత తీయకముందే రాజయ్య అన్నాడు.

"మోదుగు పొద కాడి ఉచ్చు వదులైంది. చూస్కో."

ఉచ్చుల సంగతి నేను అతనికి చెప్పనే లేదు.

"నీకెవరు చెప్పిన్రు?"

"ఎవరు చెప్తరు? ముడులేసి ముడులేసి వేళ్ళు నొస్తున్నయ్."

అతని చెయ్యి మోచేతి దాకా కట్టుతో ఉంది. ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. మంచం దిగలేదని దవాఖాన నర్సు చెప్పింది. అడవికి పోయి చూస్తే మోదుగు పొద దగ్గరి ఉచ్చు వదులై ఉంది.

రోజూ నేను మోపు ముడే వేసి వచ్చేదాన్ని, పొద్దునకల్లా మెలిక ఎదురు తిరిగి పిట్టలు పడి ఉండేవి. నాకు పాలు వచ్చాయి. చంటిది మళ్ళీ ఏడ్చింది.

కుళ్ళు పాకుతోందని డాక్టరు ఆ చేతి వేళ్ళు తీసేశాడు. ఆ మర్నాడు ఉచ్చులన్నీ నేను వేసిన మోపు ముడులతోనే ఉన్నాయి.

అతను ఇంటికి వచ్చాక, విప్పకుండా దాచిన ఒక ఉచ్చు చూపించాను. చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

"ముడి నాదే. మంచమే దిగకపోతి, నేనెట్ల ఏసిన్నే?" అని నన్నే అడిగాడు.

నాకేం తెలుసు? ఇప్పటికీ తెలియదు.