నేను సున్నా వేసిన కుక్కపిల్ల

ఈ సంగతి రాసి పెట్టకపోతే రేపు నాలాంటి ఇంకొకడు పుస్తకం చంకన పెట్టుకుని ఏదో ఒక గొర్రెల దొడ్డిలోకి దిగుతాడు. వాణ్ణి ఆపడానికే రాస్తున్నాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే మా మామ గొర్రెపిల్లలు పోయాయి.

అప్పట్లో ఆత్మకూరు గ్రంథాలయంలో నేను చదవని పుస్తకం లేదని నా నమ్మకం. వంకాయ తెగుళ్ళ నుంచి వాస్తు దాకా అన్నింటికీ నా దగ్గర సమాధానం ఉండేది. అడిగేవాళ్ళే ఉండేవాళ్ళు కాదు. ఆ కొరత తీర్చడానికన్నట్టు ఉదయగిరి దగ్గర మా మేనమామ పెంచలయ్య కుక్క ఈనింది.

మామ మంద కొండ అంచున మేస్తుంది. అక్కడ నక్కల బెడద. ఇన్నేళ్ళూ మందను కాచింది నల్లమ్మ అనే ఈ కుక్కే. అది ముసలిదైపోయింది, ఇదే చివరి ఈత. నాలుగు పిల్లల్లో మూడింటిని అడిగినవాళ్ళకు ఇస్తానని మామ మాట ఇచ్చాడు. మిగిలే ఒక్కటే ఇకమీద మందకు దిక్కు.

"కళ్ళు తెరవనీరా, అప్పుడు ఎంచుదాం" అన్నాడు మామ.

"అంతదాకా ఎందుకు మామా? మూడో రోజే తేల్చెయ్యొచ్చు. పుస్తకంలో ఉండాది."

పువ్వు పుట్టగానే పరిమళిస్తే కుక్కపిల్ల మాత్రం ఊరుకుంటుందా?

మూడో రోజు పొద్దున్నే అట్ట, కాగితం, పెన్ను పట్టుకుని దొడ్డిలో కూర్చున్నాను. చూసినవాళ్ళు పదో తరగతి పేపర్లు దిద్దుతున్నాననుకోవాలి. పరీక్ష సులువే. పిల్లను తల్లికి మూరెడు దూరంలో గోనెపట్టా మీద పెట్టాలి. ఎంత త్వరగా పాకి పాల దగ్గరికి చేరితే అంత చురుకు.

తెల్లమచ్చ పిల్ల కుయ్యోమంటూ, సీటు కోసం బస్సు మీద పడేవాడిలా దూసుకుపోయింది. పదికి పది. తరువాతి రెండూ పాసు. నాలుగోది, నల్లటి ఆడపిల్ల, పెట్టినచోటే నిద్రపోయింది. తిప్పి పెట్టాను. ఆవులించి మళ్ళీ పడుకుంది. సున్నా.

దొడ్డి ఊడుస్తున్న చెంచమ్మత్త చీపురు ఆపింది.

"ఆ నల్లది ఇప్పటిదాకా అన్నింటినీ తోసి తాగినాదిరా. పొట్ట చూడు, బూరె మాదిరుండాది. కడుపు నిండినాక నిద్రపోక ఏం చేస్తాది?"

"అది సోమరిది అత్తా. తెల్లమచ్చదాన్ని చూడు, ఏం చురుకు."

"చురుకా? దానికి పాలు దక్కలేదు. మా ఊళ్ళో దాన్ని ఆకలంటారు."

మామ తల గోక్కుంటూ ఇద్దరినీ చూశాడు. "పోనీలేవే, చదువుకున్నోడు చెప్తా ఉండాడు" అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

పాలు మరిచాక నల్లపిల్లను సీతారామపురం మాలకొండయ్య తీసుకుపోయాడు. తెల్లమచ్చది మామ దగ్గర పెరిగింది. చురుకుదనానికి లోటు లేదు. ఎవరింట్లో చేపల పులుసు ఉడుకుతున్నా మందను వదిలి అందరికన్నా ముందు హాజరయ్యేది. నక్క కనబడితే గొర్రెలకన్నా ముందు ఇల్లు చేరేది. కబురు చెప్పడానికే వచ్చిందని నేను సమర్థించాను.

మరుసటి ఏడు నల్లమ్మ చచ్చిపోయింది. తరువాత నెల తిరక్కుండానే ఐదు గొర్రెపిల్లలు పోయాయి. మామ నన్ను ఒక్క మాట అనలేదు. మోకాళ్ళ నొప్పులతోనే కుక్క చేయాల్సిన కాపలా తనే చేస్తూ కొండ అంచున తిరిగాడు. తిట్టి ఉంటే నాకు అన్నం సహించేది.

చివరికి నల్లదాన్ని వెనక్కి అడుగుదామని సీతారామపురం పోయాను. అది మందకూ నాకూ మధ్య వచ్చి నిలబడింది. అరవలేదు, కదల్లేదు, నన్ను కదలనివ్వలేదు.

"దీన్ని ఇచ్చి నేనేం చేసేది? ఇయ్యను" అన్నాడు మాలకొండయ్య. "వచ్చే నెల ఈనతాది. ఒక పిల్లని మీ మామకి ఇస్తా. ఆ పొద్దు నువ్వు మాత్రం రావాల."

నాకు ప్రాణం లేచొచ్చింది. "పరీక్ష పెట్టమంటావా అన్నా?"

"పెట్టు. నువ్వు సున్నా ఏసిన పిల్లనే మీ మామకి ఇద్దాం."

కళ్ళు తెరవని ఏ ప్రాణికీ ఈ జన్మలో మార్కులు వేయనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. మాట తప్పకుండా పిల్లనిచ్చిన మాలకొండయ్యకూ, నన్ను బయట నిలబెట్టి ఆ పిల్లను ఎంచిన చెంచమ్మత్తకూ కృతజ్ఞతలు. పెంచలయ్య మామకు మాత్రం ఉత్త కృతజ్ఞతలు చాలవు. పిల్ల పెద్దదయ్యేదాకా ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టి, కర్ర పట్టుకుని మంద వెంట నేనే తిరిగాను.