గోరింటాకు చేతులు, సిల్వర్ నైట్రేట్ మీసం

ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నామన్న గర్వం మాకు బోలెడు ఉండేది గానీ, కెమికల్స్ అంటే భయం మాత్రం బొత్తిగా ఉండేది కాదు. యాసిడ్ సీసాని మజ్జిగ చెంబులా పట్టుకు తిరిగేవాళ్లం. మా అందరి భయమూ కలిపి ఒక్క మనిషే పడేవారు. "పదిలం అమ్మా, పదిలం" అననిదే ఆయన ల్యాబు తాళం కూడా తీసేవారు కాదు, అందుకే మాకు ఆయన పదిలం మాస్టారు. కోనసీమ ఊళ్లకి బావినీళ్ల శాంపిల్స్ కోసం వెళ్తే, మా నడుములకి తాడు కట్టి, రెండో కొస కొబ్బరిచెట్టుకి కట్టించేవారు. (ఆ ఊరివాళ్లు మమ్మల్ని చూసిన చూపు ఈ జన్మకి మర్చిపోలేను.)

ఆయనకి ఉన్నది ఒకే కోరిక. ల్యాబుకి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను, కళ్లు కడుక్కునే కుళాయి, అందరికీ గ్లవ్స్ రావాలి. ఏళ్ల తరబడి అర్జీలు పెట్టి విసిగిపోయి, చివరికి ఒక డబ్బా గ్లవ్స్ తనే కొనుక్కొచ్చారు. ఈలోగా యూనివర్సిటీ నుంచి ఇన్‌స్పెక్షన్ కమిటీ సోమవారం వస్తోందన్నారు. వాళ్లు రాస్తే అన్నీ వస్తాయి, రాయకపోతే మాస్టారు రిటైరయ్యేలోపు ఇక రానట్టే. వాళ్ల ముందు ల్యాబు జాగ్రత్తల మీద మాట్లాడటానికి ఆయన నన్ను ఎంచుకున్నారు, బాగా మాట్లాడతానని. (బాగా వింటానని ఎవరూ అనలేదు.)

శనివారం సాయంత్రం బావినీళ్లలో ఉప్పెంతో తేల్చడానికి సిల్వర్ నైట్రేట్ పోస్తున్నాను. అది చూడటానికి మంచినీళ్లే. చర్మానికి తగిలితే అప్పటికేమీ కనపడదు, ఎండ తగిలాక నల్లగా తేలుతుంది, రోజుల తరబడి పోదు. ఇదంతా నా ఉపన్యాసం రెండో పేజీలో నేనే రాసుకున్నాను. కానీ అది ఆషాఢం. ముందురోజు నాయనమ్మ రుబ్బిపెట్టిన గోరింటాకు మందారంలా పండింది. అలాంటి చేతుల్ని రబ్బరు తొడుగుల్లో దాచుకోవడానికి మనసెలా ఒప్పుతుంది? ఇంతలో కరెంటు పోయింది. ఒకటే ఉక్క. తడి చేత్తో పై పెదవి మీద చెమటని ఈ చివర నుంచి ఆ చివరకి తుడుచుకున్నాను.

ఆదివారం పొద్దున్నే పెరట్లో ఎండలో బట్టలారేస్తుంటే, నాయనమ్మ నన్ను చూసి చేతిలో చేట కింద పెట్టేసింది.

"ఇదేంటే, అచ్చం మీ తాతయ్యలా ఉన్నావు" అంది.

పరుగెత్తి వెళ్లి అద్దంలో చూసుకున్నాను. మీసం. కుడివైపు ఒత్తుగా, ఎడమవైపు కాస్త మెలితిరిగి మరీ ఉంది. నాయనమ్మ నిమ్మచెక్కతో, సున్నిపిండితో, ఆఖరికి కొబ్బరిపీచుతో కూడా తోమింది. సాయంత్రానికి నలుపు తగ్గలేదు సరికదా, చుట్టూ ఎర్రటి అంచు కూడా వచ్చింది.

సోమవారం కొవ్వూరులో బస్సెక్కి, మూతికి రుమాలు అడ్డంపెట్టుకుని గోదావరి దాటాను. మాస్టారు చూసి తిట్టలేదు. కుర్చీలో కూలబడి, అయిపోయిందమ్మా అన్నారు, అంతే. తిట్టినా బాగుండును. ఇంకొకరికి అప్పజెప్పే టైము లేదు, కమిటీ అప్పటికే మెట్లెక్కుతోంది.

రుమాలు తియ్యకుండానే మొదలుపెట్టాను. నాలుగు మాటలయ్యాయో లేదో, కమిటీలో పెద్దాయన వినపడట్లేదు, రుమాలు తీయమన్నారు. తీశాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, తేరిపార చూసి, మాస్టారి వైపు తిరిగారు.

"పిల్లలకి గ్లవ్స్ ఇవ్వరా అండీ?"

మాస్టారు నేలచూపులు చూస్తున్నారు. ఇచ్చానంటే నా పరువు పోతుందని ఆయన బాధ. ఇవ్వలేదని నేనంటే ఆయన పరువు, ఆ ఫ్యాను, ఆ కుళాయి అన్నీ గంగలో కలుస్తాయి. నిజం చెప్పొద్దూ, ఆ అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇచ్చారండి. ఆయనే కొనితెచ్చి మరీ ఇచ్చారండి. గోరింటాకు కనపడదని నేనే వేసుకోలేదండి" అని రెండు చేతులూ చాపాను.

పెద్దాయన పెదవులు బిగబట్టారు, దగ్గారు, చివరికి ఆపుకోలేక పొట్ట పట్టుకుని నవ్వారు. పక్కనున్న మేడమ్ నా చేతులు తిప్పి చూసి, వేళ్ల మీద నల్ల మరకలున్నా ఎంత బాగా పండిందోనన్నారు. తర్వాత పెద్దాయన మా ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి, మాస్టారు సొంతంగా కొనుక్కోవాల్సిన ఖర్మేంటని అడిగారు. నా ఉపన్యాసం రెండో పేజీ ఇక ఎవరికీ అక్కర్లేకపోయింది. దీపావళిలోపే ఫ్యాను, కుళాయి, గ్లవ్స్ అన్నీ వచ్చేశాయి.

మీసం పదిరోజులకి పోయింది. మాస్టారు కూడా ఇప్పుడు లేరు. ల్యాబులో "పదిలం అమ్మా" అంటూ తిరిగేది నేనే, ఆషాఢంలో మరీ గట్టిగా. ఎండన పడి ఇంటికొచ్చి మొహం కడుక్కున్నప్పుడల్లా అద్దంలో పై పెదవి చూసుకుంటాను. ఏమీ ఉండదు. పిచ్చిదాన్ని, ఉంటే బాగుండుననిపిస్తుంది.