ఎరుపులో ఉండాల్సిన పేరు

ఆ పిల్ల పేరుకెదురుగా ఎరుపు రంగు ఉండాల్సింది. అక్కడ పచ్చ పెట్టింది నేనే.

గద్వాల నుంచి ఆటోలో ముప్పావు గంట వెళ్తే వచ్చే ఊళ్లో, ప్రాథమిక పాఠశాల టీచర్ని నేను. ఏడాదికి మూడుసార్లు ఒక్కొక్క పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చదివించి, ఎవరెంతవరకు వచ్చారో ఫోన్లో ఎక్కించాలి. అక్షరాల దగ్గరే ఆగితే ఎరుపు, పదాలు చదివితే పసుపు, పేరా చదివితే పచ్చ. నిజం చెప్పాలంటే మంచి పనే. పోయినేడు ఎరుపులో ఉన్న ఇద్దరిని ఆ జాబితా చూసే రోజూ ఒక గంట విడిగా చదివించాను. వేసవి సెలవుల నాటికి ఇద్దరూ పుస్తకం పట్టుకున్నారు. ఎరుపులో ఉండి బడి మానేసిన పిల్లల ఇళ్లకు, మా బళ్లను చూసుకునే మండల రిసోర్స్ పర్సన్ స్వయంగా వెళ్లి, పెద్దవాళ్లతో మాట్లాడి పిల్చుకొస్తాడు.

మండల సమావేశంలో మాత్రం ఆ రంగుల లెక్క వేరు. చాయ్, రెండు బిస్కెట్లు చేతికిచ్చి, అన్ని బళ్ల రంగులూ గోడ మీద వేసి చూపిస్తారు. ఎరుపు ఎక్కువున్న బడి టీచరు లేచి నిలబడి కారణం చెప్పాలి. నలభై దాటినదాన్ని, ఒకసారి నేనూ లేచి నిలబడ్డాను. ఒళ్లు మండిపోయింది. ఇంకోసారి నిలబడేది లేదని ఆ రోజే అనుకున్నాను.

ఆ పిల్లది ఐదో తరగతి. జూలైలో చదివిస్తే అక్షరాలు దాటలేదు. ఒత్తు కనబడితే నా ముఖం వైపు చూసేది. కానీ ఒకసారి వింటే చాలు, పాఠమంతా అప్పజెప్పేది.

ఆగస్టు దాటాక, విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో క్రాసింగ్, అంటే చేత్తో పువ్వుకు పువ్వు కలిపే పని, మొదలైంది. సాయంత్రం మొగ్గల తొక్క ఒలవాలి, పొద్దున మగపువ్వు తెచ్చి రుద్దాలి. చిన్న వేళ్లకు బాగా సాగే పనని ఇంటిల్లిపాదీ చేనుకే పోతారు. తరగతిలో బెంచీలు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. పని తగ్గాక మిగతావాళ్లు వచ్చారు, ఆ పిల్ల రాలేదు.

అంతలో రెండో పరీక్ష గడువు వచ్చిపడింది. ఒక్క పేరు నింపకపోయినా తరగతి మొత్తం ఫోన్లో ఆగిపోతుంది. రిసోర్స్ పర్సన్‌ని అడిగితే, మీ బడి ఒక్కటే మిగిలింది, ఖాళీ మాత్రం పెట్టొద్దు అన్నాడు. ఒక మెట్టు ఎక్కిస్తే పసుపు, రెండు ఎక్కిస్తే పచ్చ. రెండెక్కించాను. పిల్ల వచ్చాక నేర్పుకోలేనా అనుకున్నాను. ఆ నెల సమావేశంలో నా వైపు ఎవరూ చూడలేదు. చాయ్ మొత్తం తాగాను.

తర్వాత ఎరుపు జాబితా పట్టుకుని రిసోర్స్ పర్సన్ ఊళ్లోకి వచ్చాడు. మూడిళ్లకు వెళ్లాడు. ఆ పిల్ల ఇంటి ముందు నుంచే బండి మీద వెళ్లిపోయాడు. కేక వేసి ఆపుదామని బడి గేటు దాకా పరుగెత్తాను. ఆపి ఏం చెప్పను? ఆ పిల్ల గురించి అడిగేవాళ్లు ఇక ఎవరూ లేరని అప్పుడు అర్థమైంది.

జనవరిలో, ఈసారి బయటివాళ్లు వచ్చి పిల్లల్ని చదివించి చూస్తారని కబురు వచ్చింది. భయమేసింది. పిల్ల గురించి కాదు, నా గురించి. సిగ్గుగా ఉన్నా అదే నిజం. మధ్యాహ్నం వాళ్ల చేనుకు వెళ్లాను. పత్తి ఏరుతున్నారు. తండ్రి కౌలు రైతు, నెమ్మదస్తుడు. నాకు గోనెసంచి పరిచి కూర్చోమన్నాడు. రేపటి నుంచి పిల్లను పంపమన్నాను.

ఆయన పాకలోకి వెళ్లి, ప్లాస్టిక్ కవర్లో దాచిన ప్రోగ్రెస్ కార్డు తెచ్చాడు. రెండో పరీక్ష అయ్యాక పక్కింటి పిల్లతో నేను పంపిందే.

"మీరే రాసిచ్చిండ్రు గద మేడం, పిల్లకు చదువొచ్చిందని. అది రావాల్ననే పంపిన. వొచ్చినంక ఇంగ బడెందుకు?"

ఎత్తిపొడుపు కాదు. మనస్ఫూర్తిగానే అన్నాడు. పైగా కూతుర్ని పిలిచి, మేడంకు చదివి వినిపించమన్నాడు.

పిల్ల చేతులు గౌనుకు తుడుచుకుని కార్డు అందుకుంది. పేరు, తరగతి, ఊరు, తప్పుల్లేకుండా పేరా చదువుతున్నది అని నేను రాసిన మాట, అన్నీ గడగడా చెప్పింది. పక్కింటి పిల్ల చదివినప్పుడు విన్నట్టుంది. నోరు నా సంతకం దాకా వచ్చింది, వేలు ఇంకా మొదటి వరుసలో తన పేరు మీదే ఉంది. తండ్రికి చదువు రాదు. ముఖం వెలిగిపోతూ నా వైపు తిరిగాడు.

ఈ పిల్లకు చదవడం రాదు అని ఒక్క మాట అంటే చాలు. అంటే, మరి ఈ సంతకం ఎవరిదని అడుగుతాడు.

"బాగ చదివింది," అన్నాను.

పిల్ల నన్ను సాగనంపడానికి గట్టు దాకా వచ్చింది. పత్తికాయల మొనలు గీరుకుని వేళ్ల చివర్లు పగిలి ఉన్నాయి. తండ్రికి వినబడనంత దూరం వచ్చాక ఆగింది.

"నాకు రాదని మీరు చెప్తరనుకున్న మేడం," అంది.

ఆ మాట అని, మళ్లీ పత్తి ఏరడానికి వెళ్లిపోయింది.